గట్టు మీద నుంచి ఫోను

తిరుపతి,
12 జనవరి 2026.

పెదనాయనకు,

వినీల నమస్కారాలు. మీరు ఫోను ఎత్తరు, వాట్సాప్ చూడరు. దసరాకి వచ్చినప్పుడు "నాకు ఫోన్లో మాట రావడం లేదమ్మా, కాగితం మీద వస్తుంది" అన్నారు గదా. అందుకని కాగితాలు, కవర్లు కొన్నాను. హాస్టలెదురు అంగడాయన "ఎవురికి పాపా, ప్రేమలేఖా?" అన్నాడు. "మా పెదనాయనకి" అంటే ఆయన ముఖం చూడాల.

విషయం ఏందంటే, ఫిబ్రవరి 13, 14 తేదీల్లో ఇక్కడే ఇంకో కాలేజీలో హ్యాకథాన్ ఉంది. శుక్రవారం పొద్దున కూర్చుంటే శనివారం పొద్దుటికల్లా పనికొచ్చేది ఏదో ఒకటి తయారుచేసి జడ్జీలకు చూపించాల. నేనూ పేరు ఇచ్చేసినాను.

మేం నలుగురం. కిషోర్ బాబు మా సీనియర్. ఇట్లాంటి పోటీలకు చాలా పోయినాడు, ఏ రోజు చూసినా వాటి టీషర్టే వేసుకుంటాడు. మతీన్‌ది నెల్లూరే, వాళ్ళ నాయనకు మోటార్లకు వైండింగు కట్టే కొట్టుంది. మెర్లిన్ నా రూమ్మేటు, స్క్రీన్లు ముగ్గేసినంత పొందికగా చేస్తుంది. అందరికంటే తక్కువ వచ్చేది నాకే. ఊరికే అనడం లేదు.

మద్రాసులో ఉద్యోగం చేసేటప్పుడు మీరే ఇట్లాంటివి జరిపించేవాళ్ళని పెద్దమ్మ చెప్పేది. మొదటిసారి పోయేదానికి మీరేం చెప్తారు?

పెద్దమ్మ సంవత్సరీకానికి ఫిబ్రవరి 24న వస్తాను. సెలవు ఇప్పుడే అడిగి పెట్టినాను.

మీ
వినీల


కోవూరు,
16 జనవరి 2026.

వినీలా,

ఉత్తరం అందింది. నీ చేతిరాత మీ పెద్దమ్మ రాతలాగే ఉంది. నీకు అక్షరాలు దిద్దించింది తనే కదా. కవరు మీద చూసి ఒక నిమిషం తెరవలేదు.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. ముందు నిద్ర. మేలుకున్నవాళ్ళే గెలుస్తారని అందరూ అనుకుంటారు. జడ్జీగా కూర్చున్నప్పుడు నేను చూసింది వేరు. కళ్ళు మూతలు పడుతూ రాసిన కోడు సరిగ్గా చూపించేటప్పుడు ఆగిపోతుంది. వంతులు వేసుకుని పడుకోండి. వేళకు తినండి.

పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు తీసుకెళ్ళు. హాల్లో ప్లగ్గులు చాలవు. పక్క జట్టు వాళ్ళు నీ దగ్గరికే వస్తారు. పరిచయాలు అక్కడ మొదలవుతాయి, బహుమతి కంటే అవే ఎక్కువ కాలం ఉంటాయి.

చిన్నది చెయ్యండి. సగం కట్టిన మేడ కంటే తలుపు పడే గుడిసె నయం. చేసేది ఎవరికో ఒక మనిషి పేరు చెప్పగలగాలి. ‘రైతులకు’ అంటే కుదరదు. ఏ రైతు, ఏ ఊరు, ఏ పూట ఏం ఇబ్బంది? పేరు రాకపోతే సమస్య ఇంకా దొరకలేదని అర్థం.

తక్కువ వచ్చు అన్నావు. తక్కువ వచ్చినవాళ్ళు ‘ఇది నాకు అర్థం కాలేదు’ అనగలరు. ప్రతి జట్టుకూ ఆ మాట అనేవాళ్ళు ఒకరు కావాలి. సిగ్గుపడకుండా ఆ పని నువ్వు తీసుకో.

సంగం ఆనకట్ట నుంచి నీళ్ళు బాగానే వదులుతున్నారు. వరి పొట్ట మీద ఉంది.

నరేంద్రబాబు


తిరుపతి,
21 జనవరి 2026.

పెదనాయనా,

మీ ఉత్తరం మా జట్టుకంతా చదివి వినిపించినాను. మెర్లిన్ రెండుసార్లు చదివించుకునింది. ‘తలుపు పడే గుడిసె’ మతీన్‌కి ఎంత నచ్చిందంటే, దాన్నే జట్టు పేరుగా పెడదామన్నాడు.

కిషోర్ బాబుకే నచ్చలా. ఆయనకి రాష్ట్రంలో రైతులందరికీ, అన్ని పంటలకీ సలహా చెప్పే యాప్ కావాలంట. "అందరికీ అంటే ఎవురికి అన్నా? ఒక పేరు చెప్పు" అన్నాను. "ఏందమ్మా, ఓటరు లిస్టు చదవమంటావా?" అన్నాడు. అందరూ నవ్వినారు. నేనూ నవ్వినాను గానీ ఊరుకోలా.

నాకొక పేరు దొరికింది. చిన్నపోలయ్య. మన రొయ్యల గుంటల కాడ కాపలా ఉంటాడే, ఆయన. సెలవుల్లో మీ ఇంట్లో ఉన్నప్పుడు చూసినాను గదా. కరెంటు పోతే గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరియేటర్లు ఆగిపోతాయి. ఆయన గట్టు మీదకు పరిగెత్తి ఫోను చేసేవాడు. పెద్దమ్మే ఎత్తేది. ఆయన నిద్రపోతే? కరెంటు పోయింది ఆయనకే తెలియకపోతే? అందుకని కరెంటు పోగానే దానంతట అదే ఫోను చేసే చిన్న పెట్టె. లోపల ఒక సిమ్ము ఉంటుంది. మతీన్ చేయగలనన్నాడు.

అయితే నాకు అర్థం కానిది ఒకటుంది. ఇప్పుడు ఆ ఫోను ఎవరు ఎత్తుతున్నారు? మీరు ఎత్తరు గదా. గుంటలు ఎట్లున్నాయి? అమ్మనడిగితే మాట దాటేసింది. కరెంటు పోయినాక ఎంతసేపట్లో రొయ్య చస్తుందో కూడా రాయండి, జడ్జీలు అడుగుతారు.

హాస్టల్ సాంబారు గురించి రాయబోయి మానుకున్నాను. మీరు భోంచేసే ముందు చదువుతారేమో.

వినీల


కోవూరు,
27 జనవరి 2026.

వినీలా,

అడిగినవాటికి జవాబులు.

గుంటలో రొయ్య పిల్ల పెరిగేకొద్దీ గాలి ఎక్కువ కావాలి. తెల్లవారే ముందు నీళ్ళలో గాలి బాగా తగ్గుతుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే రొయ్యలు నీటి మీదకు తేలి అంచులకు వస్తాయి. పెద్ద రొయ్యలున్న గుంటలో అరగంట దాటితే కష్టం. ఆ లోపల జనరేటర్ తిరగాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి, పోలయ్య ఒక్కడే ఉంటాడు. అందుకే ఫోను.

ఇప్పుడు ఎవరూ ఎత్తడం లేదు. పోయిన జూన్‌లో అతను చేశాడు, నేను ఎత్తలేదు. గుంట పోయింది. అప్పటి నుంచి రెండు గుంటలూ ఖాళీ.

ఆలోచన మంచిది. నా కోసం మాత్రం చెయ్యకు. జాలితో చేసిన పని జడ్జీలకు తెలిసిపోతుంది.

24న నువ్వు రావాల్సిన పని లేదు. సెలవు వాడుకోకు. పోటీ అయిపోయాక చదువు చూసుకో.

నరేంద్రబాబు


తిరుపతి,
31 జనవరి 2026.

పెదనాయన గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం అందింది.

గుంటల సంగతి అడగకుండా ఉండాల్సింది. నాకు తెలియదు. తెలిసుంటే ఆ ప్రశ్న రాసేదాన్ని కాను. ‘ఎవరు ఎత్తుతున్నారు’ అని రాసిన వాక్యం ఇప్పుడు గుర్తొస్తే చెంపలు వేసుకోవాలనిపిస్తుంది.

అందుకు మీకు కోపం వచ్చిందని అర్థమైంది. 24న రావద్దన్నారు. సరే. పెద్దమ్మకు నేను సొంత కూతుర్ని కాదు, రావాలని పట్టుబట్టే హక్కు నాకు లేదు.

చిన్నపోలయ్య ఆలోచన వదిలేసినాను. కిషోర్ బాబు యాపే చేస్తున్నాం. ఆయన సంతోషపడి సమోసాలు తెచ్చినాడు.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

వినీల


కోవూరు,
3 ఫిబ్రవరి 2026.

వినీలా,

‘గారు’ తీసెయ్యి. నాకు కోపం రాలేదు. నువ్వు అడిగింది సరైన ప్రశ్న. ఈ ఏడాదిలో నన్ను ఆ ప్రశ్న అడిగినవాళ్ళు లేరు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ ‘భోంచేశారా’ అనే అడిగారు.

24న రావద్దన్నదానికి కారణం వేరే ఉంది. నీ మీద కోపం కాదు. అంతవరకు నమ్ము.

సొంత కూతురు కాదు అని రాశావు. మీ పెద్దమ్మ బతికి ఉండి ఆ మాట చదివి ఉంటే తిరుపతి బస్సెక్కేది, నీ చెవి మెలిపెట్టడానికి. నేను ఆ పని చేయలేను కాబట్టి రాస్తున్నాను.

ఆలోచన వదలకు. కిషోర్ బాబుతో గొడవపడకు. ‘నీ యాపు బాగుంది, ముందు ఈ ఒక్క గుంటకు చేసి చూద్దాం’ అను. పెద్ద ఆలోచన ఉన్నవాళ్ళకు ‘ముందు’ అన్న మాట నచ్చుతుంది, తమది కాదన్నట్టు ఉండదు.

నరేంద్రబాబు


తిరుపతి,
3 ఫిబ్రవరి 2026.

పెదనాయనా,

ఇప్పుడే అమ్మతో మాట్లాడినాను. 24 కాదంట! తిథి ప్రకారం మాఘ బహుళ ద్వాదశి, అది ఫిబ్రవరి 14, శనివారం. నా హ్యాకథాన్ రోజే. "నీకు తెలియదా? బావ నీకు రాసే ఉంటాడనుకున్నానే" అనింది.

నేను ఇంగ్లీషు తేదీ పట్టుకుని కూర్చున్నాను. అది నా తెలివితక్కువతనం. కానీ మీకు తెలుసు. తెలిసే ‘24న రావాల్సిన పని లేదు’ అని రాసినారు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. సాక్ష్యం చెప్పేవాళ్ళు రాసినట్టు రాసినారు. నిద్రపొమ్మని, అన్నం తినమని, ప్లగ్గుల బాక్సు తీసుకుపొమ్మని ఇన్ని చెప్పినవాళ్ళు ఆ ఒక్కటీ ఎందుకు చెప్పలేదు?

పెద్దమ్మకు పెట్టే రోజున నేను ఏసీ హాల్లో కూర్చుని బిస్కెట్లు తింటా ఉండాలా? 24న తీరుబడిగా వచ్చి అడిగితే, అయిపోయింది అని చెప్పేవాళ్ళా?

నేను పోటీకి పోవడం లేదు. శుక్రవారం సాయంత్రం బస్సుకు వస్తాను.

వినీల


కోవూరు,
6 ఫిబ్రవరి 2026.

వినీలా,

నా ఉత్తరం, నీ ఉత్తరం దారిలో ఎదురుపడ్డాయి. నాది చదివే ఉంటావు. ఇది నీ రెండోదానికి జవాబు.

పురోహితుడు పంచాంగం చూసి 14 అన్నాడు. ఇంటికొచ్చి నీ మొదటి ఉత్తరం తీసి తేదీలు చూశాను. చెబితే పోటీ మానేస్తావని తెలుసు. చెప్పకపోతే నువ్వు పోటీకి వెళ్తావు, ఇక్కడ కార్యం జరుగుతుంది, ఎవరికీ ఇబ్బంది ఉండదనుకున్నాను. నీ బదులు నేను తేల్చేశాను. అలా చేయకూడదు. నువ్వు కోప్పడింది న్యాయం.

ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి నువ్వే తేల్చుకో. నేను ఏదీ చెప్పను. కావలసిన వివరాలు మాత్రం ఇస్తాను. కార్యం మధ్యాహ్నం పన్నెండు దాటాక మొదలవుతుంది. పిండం పెట్టేసరికి రెండు అవుతుంది. ఇలాంటి పోటీల్లో చూపించడం పొద్దున పదిన్నర తర్వాతే ఉంటుంది. బస్సుకు మూడు గంటలు పైనే పడుతుంది. ఒకటి పట్టుకుంటే ఒకటి వదలాలి.

ఒక సంగతి గుర్తొచ్చింది. నీకు దారి చూపడానికి కాదు, గుర్తొచ్చింది కాబట్టి రాస్తున్నాను. మీ తాత సంవత్సరీకం బుచ్చిరెడ్డిపాలెంలో. ఆ రోజే మీ పెద్దమ్మ రేవతికి పదో తరగతి పరీక్షల డ్యూటీ పడింది. మానుకోవచ్చు. మానుకోలేదు. విస్తళ్ళు ఎత్తేశాక వచ్చింది. మీ అమ్మమ్మ "ఇప్పుడా రావడం, నాయన కంటే నీకు బడే ఎక్కువా?" అని అరిచింది. రేవతి కాళ్ళు కడుక్కుని వచ్చి, "నాయన చదివించింది బడికి ఎగ్గొట్టడానికి కాదు గదమ్మా. అన్నం ఉందా లేదా?" అంది. మీ అమ్మమ్మే వడ్డించింది. తిడుతూనే.

నాకు ఆమెలో నచ్చినవి చాలా ఉన్నాయి. అన్నీ రాసే ఓపిక లేదు. ఏం చేసినా తను చెప్పి చేసేది, చేసి బాధపడేది కాదు. అది నాకు ఎప్పుడూ చేతకాలేదు.

వచ్చినా, వెళ్ళినా నాకు సమ్మతమే. ఏడుస్తూ మాత్రం ఏదీ చెయ్యకు.

పెదనాయన


తిరుపతి,
9 ఫిబ్రవరి 2026.

పెదనాయనా,

పోటీకే పోతున్నాను. చెప్పి పోతున్నాను. అమ్మకూ చెప్పినాను. "మీ పెద్దమ్మ బుద్ధులే వచ్చినాయి నీకు" అనింది. తిట్టిందో మెచ్చుకునిందో అర్థం కాలా. ఆదివారం పొద్దున్నే బయలుదేరి వస్తాను.

కిషోర్ బాబు దగ్గర ‘ముందు’ మంత్రం పనిచేసింది. "ముందు ఒక గుంట, తర్వాత రాష్ట్రం అన్నా" అంటే కాసేపు పైకి చూసి, "పైలట్ ప్రాజెక్టు అను, బాగుంటాది" అన్నాడు. ఇప్పుడు ఆయనే అందరికంటే హుషారుగా ఉన్నాడు.

ఒక సాయం కావాల. జడ్జీల ముందు ప్లగ్గు పీకుతాం. పెట్టె ఫోను చేస్తుంది. ఎవరి ఫోనుకో ఒకరికి చేయాల గదా. మెర్లిన్ ఫోనుకు చేస్తే ఆ బల్ల మీదే మోగుతుంది, నమ్మరు. మీ నంబరు పెట్టినాను. శనివారం పదకొండు ప్రాంతంలో మీ ఫోను చార్జింగు పెట్టి ఆన్ చేసి ఉంచండి. ఎత్తక్కర్లేదు. ఇంట్లో కార్యం పనులుంటాయని తెలుసు. మోగినట్టు మాకు ఇక్కడ వినిపిస్తుంది, అంతే చాలు.

కుదరకపోతే వేరే నంబరు పెడతాను. అమ్మతో చెప్పించండి.

వినీల


తిరుపతి,
17 ఫిబ్రవరి 2026.

పెదనాయనా,

ఆదివారం రాలేకపోయినాను. శివరాత్రి అని తెలుసు గానీ కాళహస్తి దారి గుర్తు రాలా! బస్టాండులో కాలు పెట్టను చోటు లేదు. ఎక్కిన బస్సు ఏర్పేడు దాటి కదలకపోతే దిగి వెనక్కి నడిచినాను. తిథులు తెలియని దానికి పండగలు కూడా తెలియవు అని అమ్మ ఇప్పటికీ నవ్వుతా ఉంది.

మీరు ఆ వైపు విన్నారు. ఈ వైపు ఏం జరిగిందో చెప్తాను.

మా వంతు పదకొండుంపావుకు వచ్చింది. నేనే మాట్లాడినాను. చిన్నపోలయ్య పేరుతో మొదలుపెట్టినాను. కిషోర్ బాబు ప్లగ్గు పీకినాడు, పెళ్ళిలో తాళి కట్టేవాడిలాగా అందరివైపు చూసి మరీ. పెట్టె ఫోను చేసింది. స్పీకర్లో మోగుతా ఉంది. "ఎత్తరండీ, మోగితే చాలు, ఇదే మా ప్రాజెక్టు" అని నేను చెప్తానే ఉన్నాను. టక్కున ఆగింది. మీ గొంతు.

"ఏం పోలయ్యా, పోయిందా?"

ఆ మాట ఎవరిదో నాకు తెలుసు పెదనాయనా. మీ ఇంట్లో పడుకున్న ప్రతి సెలవుల్లోనూ పెద్దమ్మ నోట విన్నాను. నేను మైకు దించేసినాను. అప్పుడు కిషోర్ బాబు మైకు లాక్కుని, "పోయిందమ్మా... అయ్యా! జనరేటరు కాడికి పోతా ఉండా!" అన్నాడు. హాలు హాలంతా నవ్వింది. మతీన్ అయితే బల్ల కిందకు దూరినాడు.

జడ్జీల్లో ఒకావిడ నవ్వలేదు. "పెట్టె బాగుంది. ఫోను ఎత్తే మనిషి లేకపోతే?" అని అడిగింది. రెండో నంబరుకు పోతుందండీ అన్నాను. "రెండో నంబరు ఎవరిది?" నాదండీ. "తిరుపతి నుంచి నువ్వేం చేస్తావమ్మా?" ఆయన ఎత్తేదాకా చేస్తానే ఉంటానండీ.

ఆవిడ ఏదో రాసుకునింది. బహుమతి రాలా. మొదటిది వేరే ఊరి జట్టుకు వచ్చింది, వాళ్ళది నిజంగానే బాగుంది. మీ ఎక్స్‌టెన్షన్ బాక్సు సలహా వల్ల ఆ జట్టులో ఇద్దరు నాకు స్నేహితులైనారు. నేను నిద్ర కూడా పోయినాను. కిషోర్ బాబు పోలేదు, ఇంటికి పోయేటప్పుడు తన బూట్లు వదిలేసి మతీన్ చెప్పులు వేసుకుని పోయినాడు.

24న వస్తున్నాను. పంచాంగం మీది, క్యాలెండరు నాది. పెట్టె తెస్తాను. అక్కర్లేదంటే మతీన్‌కి తిరిగిచ్చేస్తాను, మొహమాటం వద్దు.

వినీల


కోవూరు,
20 ఫిబ్రవరి 2026.

వినీలా,

ఈ వైపు ఏం జరిగిందో నువ్వూ తెలుసుకోవాలి.

ఫోను బీరువాలో ఉంది. ముందురోజే తీసి చార్జింగు పెట్టాను. మోగితే చాలన్నావు కాబట్టి కిటికీలో పెట్టి నా పని చేసుకుంటున్నాను. వంటవాళ్ళు గారెల పిండి గురించి అడుగుతున్నారు. పురోహితుడు దర్భలు సర్దుతున్నాడు. మోగింది. మీ అమ్మ "బావా, ఇప్పుడు ఫోనేంది, కట్టెయ్" అంది. కట్టెయ్యడానికే తీశాను. తీశాక ఎత్తేశాను. ఈ ఇంట్లో ఆ ఫోను ఎత్తితే అనే మాట ఒకటే. అదే వచ్చింది. అవతల జనం నవ్వు వినిపించింది. ఎందుకు నవ్వారో నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

మీ అమ్మ అక్కడే గడప మీద కూర్చుండిపోయింది. ఆ తర్వాత కార్యం సక్రమంగా జరిగింది.

జడ్జీగా అయితే నీకు మార్కులు తక్కువ వేసేవాణ్ణి. ఒక గుంటకు పనిచేసింది పది గుంటలకు ఎలా చేస్తుందో చెప్పలేదు. సిగ్నల్ లేని చోట ఏం చేస్తుందో చెప్పలేదు. మా గుంటల దగ్గర సిగ్నల్ తూర్పు గట్టు మీద తప్ప రాదు. అదీ ఆలోచించండి.

జడ్జీ కాదు కాబట్టి ఇంకోటి చెబుతాను. నీకు తక్కువ వచ్చు అని రాశావు. నలుగురిలో ఒక మనిషిని పేరుతో సహా చూపించింది నువ్వు. పెద్దవాణ్ణి చిన్నబుచ్చకుండా దారికి తెచ్చింది నువ్వు. నేను దాచింది ముఖం మీద అడిగింది నువ్వు. చెప్పి వెళ్ళింది నువ్వు. ఇరవై రెండేళ్ళు ఒక మనిషి పక్కన ఉండి నేను నేర్చుకోలేనివి నువ్వు సెలవుల్లో వచ్చి నేర్చుకుపోయావు. రేవతి మంచి టీచరని తెలుసు. ఇంతని తెలియదు.

నిన్న పోలయ్యను పిలిచి పెట్టె సంగతి చెప్పాను. "ఫోను ఎవురు చేస్తేనేమయ్యా, నేనో పెట్టో. ఎత్తితే గదా!" అని ముఖం మీదే అన్నాడు. మాట పడ్డాను. ఒక గుంటలో పెరిగిన తూడు, కలుపు పీకి ఎండబెట్టమన్నాను. మార్చిలో పిల్ల వదులుతాం, ఒక్క గుంటలోనే.

24న పెట్టె తీసుకురా. మతీన్‌నీ తీసుకురా, బిగించడం నీ వల్ల కాదు. మిగతా ఇద్దరూ వస్తానంటే రమ్మను, కిషోర్ బాబు చెప్పులు తనవే వేసుకొస్తే మంచిది.

రెండో నంబరు అలాగే ఉండనీ. అక్కడిదాకా రానివ్వను.

పెదనాయన